వినకుండా రాసిన నాలుగు పిట్టలు

ఫిబ్రవరి 7, శుక్రవారం. మారేడుమిల్లి, సాయంత్రం

పొద్దున్నే రాజమండ్రిలో జీపెక్కాం. గోకవరంలో ఇడ్లీ. రంపచోడవరం దాటాక ఫోన్లో సిగ్నల్ పోయింది. పాపికొండల అడవిలో పక్షుల సర్వే, రెండు రోజులు. మొత్తం నలభై మందిమి.

నా టీమ్‌లో మణిదీప్ ఉన్నాడు. ఎనిమిదేళ్ళ క్రితం నా దగ్గర డిగ్రీలో జువాలజీ చదివాడు. ఇప్పుడు కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ ల్యాబులో పని. "మా మేడమ్ కళ్ళు మూసుకుని పిట్ట పేరు చెప్పేస్తారండి" అని అందరికీ చెప్పుకొచ్చాడు. బాగానే అనిపించింది. అబద్ధమెందుకు.

బయల్దేరే ముందు మా ఆయనతో గొడవ. టీవీ సౌండ్ గురించి. చెవులు చూపించుకో దుర్గా అని ఈ నెలలో మూడోసారి అన్నారు. యాభై నాలుగేళ్ళకే చెవుడేంటని అరిచి వచ్చాను.

ఫిబ్రవరి 8, శనివారం. మధ్యాహ్నం 2.00

పని ఇలా ఉంటుంది. ఒక చోట పది నిమిషాలు కదలకుండా నిలబడాలి. కనిపించిన, వినిపించిన ప్రతి పక్షినీ షీట్‌లో రాయాలి. ఇంత దట్టమైన అడవిలో కనిపించేవి తక్కువ. అంతా చెవుల పనే. నేను చెబుతాను, మణిదీప్ రాస్తాడు. దారి చూపడానికి బొజ్జిరెడ్డి అనే అటవీశాఖ వాచర్‌ని ఇచ్చారు. ఇక్కడి కొండరెడ్డి తెగవాడే. యాభై దాటి ఉంటాయి. మాట తక్కువ.

మొదటి పాయింట్‌లో అడవికోడి, కొండ గోరింక, నెమలి. గబగబా చెప్పేశాను. రెండోది వాగు పక్కన. బొజ్జిరెడ్డి మద్దిచెట్టు పై కొమ్మ వైపు వేలెత్తి "సన్నగా అరుత్తంది, ఇనండి" అన్నాడు. నాకేమీ వినిపించలేదు. వాగు చప్పుడు వల్లేమో అనుకున్నాను. మణిదీప్ పెన్ను పట్టుకుని నా ముఖంలోకే చూస్తున్నాడు. ఆ చూపు ముందు తెలియదు అనలేకపోయాను. వార్బ్లర్ అన్నాను, సన్నగా కూసే చిన్న పిట్ట. ఏ వార్బ్లరో కూడా చెప్పాను. రాసేశాడు.

తర్వాత ఇంకో మూడు అలాగే. ఏ చెట్టుకి ఏ పిట్ట వస్తుందో ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని. ఊహించగలను. షీట్‌లో మాత్రం ‘విన్నాం’ అనే గడిలో టిక్కు పడింది.

3.30

హారతి వచ్చి పక్కన కూర్చుంది. సర్వే మొత్తం చూసుకునేది ఆ అమ్మాయే. పీహెచ్‌డీ చేస్తోంది. ఆ వార్బ్లర్ ఈ వాగు దగ్గర ఇంతవరకు ఎవరికీ దొరకలేదట. క్యాంపులో బోర్డు మీద మా లిస్టు అన్నిటికంటే పైన రాసింది. రేపు పొద్దున ఇంకో టీమ్‌కి రూటు మార్చి అక్కడికి పంపుతుందట. ఇంకోసారి సరిచూసుకుందామా అన్నాను, నీళ్ళు నములుతూ. "మీరు విన్నానంటే నాకింకేం డౌట్ లేదండీ" అంది.

నేను టీ తాగాను.

ఫిబ్రవరి 9, ఆదివారం. పదిన్నర

క్యాంపుకి తిరిగొచ్చి రాస్తున్నాను.

ఏడు గంటలప్పుడు నేను ముందు నడుస్తున్నాను. మలుపు దగ్గర ఎవరో వెనక నుంచి నా బ్యాగు పట్టి గుంజారు. కూలబడ్డాను. ఎదురుగా, వెదురు పొద పక్కన అడవిదున్న. ముప్పై అడుగుల దూరం కూడా లేదు. ఈల వేసినట్టు బుస కొట్టిందని తర్వాత మణిదీప్ చెప్పాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టి ఉన్నాం. ఎంతసేపో తెలియదు. అది అటు తిరిగి లోయలోకి దిగిపోయింది.

బ్యాగు గుంజింది బొజ్జిరెడ్డే. అంతకుముందు గుసగుసగా రెండుసార్లు ఆగమన్నాడట. మణిదీప్ ఆగాడు. నేను ఆగలేదు.

మంచినీళ్ళ సీసా అందిస్తూ బొజ్జిరెడ్డి అన్నాడు: "నిన్నట్నించీ చూత్తన్నానమ్మగారూ. మీకు సన్నయ్యి ఇనబడవు."

కోపం రావాలి. రాలేదు. నిన్న వాగు దగ్గర అరిచిందేమిటని అడిగాను.

"ఉడతండీ. పైన డేగ ఉంటే అలా అరుత్తది. డేగని చూపిద్దామనే ఏలెత్తాను."

అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను.

"సదూకున్నోరు రాసేత్తంటే నేనేటంటానండీ."

మణిదీప్ వైపు చూశాను. తనకి ఏదో వినిపించిందట. పిట్టలా లేదట. "మీరు చెప్పారు కదా అని రాసేశాను మేడమ్" అన్నాడు. నేలకేసి చూస్తూ.

ఇంటికి వచ్చాక, సాయంత్రం 6.00

ముగింపు మీటింగ్‌లో లేచి నిలబడ్డాను. నాలుగు పేర్లూ చదివి, ఇవి నేను వినలేదు, వినకుండా చెప్పాను అన్నాను. వాగు దగ్గరికి వెళ్ళిన టీమ్ తెల్లవారుజాము నుంచి అక్కడే కాపు కాసి వచ్చింది. వాళ్ళు నన్ను చూసిన చూపు రాయలేను. వెనక నుంచి ఒకాయన, పోనీలెండి మేడమ్, వయసు అన్నారు. అది ఎక్కువ గుచ్చుకుంది.

హారతి ఓదార్చలేదు. డస్టర్ తీసుకుని నాలుగూ తుడిచేసింది. అప్‌లోడ్ చెయ్యకముందే చెప్పారు, అంతే చాలు అంది. ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది.

మణిదీప్ గోకవరంలో టీకి ఆగినప్పుడు అడిగాడు. థర్డ్ ఇయర్‌లో కోరింగ మడ అడవికి తీసుకెళ్ళినప్పుడు మీరు చెప్పినవి కూడా ఇంతేనా మేడమ్ అని. అప్పుడు విన్నాను అన్నాను. తలూపాడు. నమ్మాడో లేదో తెలియదు.

ఫిబ్రవరి 10

క్లాసులో వెనక బెంచీ అమ్మాయి ఒక డౌట్ అడిగింది. మూడుసార్లు అడిగించుకున్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

కాకినాడలో చెవుల డాక్టర్. చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టారు. బీప్ వినిపిస్తే బటన్ నొక్కాలి. చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ పాడైందేమో అనుకున్నాను.

బయటికి వచ్చాక గ్రాఫ్ చూపించాడు. సగం దాకా తిన్నగా వచ్చిన గీత, సన్నటి శబ్దాల దగ్గర గట్టు మీంచి జారినట్టు పడిపోయింది. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు తేటపడతాయట. కొన్ని పిట్టలు మాత్రం ఇక తిరిగి రావట.

మా ఆయన ‘నేను చెప్పలా’ అనలేదు. కారెక్కాక అద్దాలు పైకెత్తేసి, ఇప్పుడు ఏడువు అన్నారు. సామర్లకోట వచ్చేదాకా ఏడ్చాను.

మార్చి 3, సోమవారం

హారతి ఫోన్. సర్వే రెండో విడతకి రమ్మంది. చెవులు లేనిదాన్ని ఎందుకమ్మా అన్నాను. తప్పు రాశానని ఒప్పుకునేవాళ్ళు తనకి తక్కువ దొరుకుతారట.

ఒక షరతు పెట్టాను. షీట్‌లో ‘పరిశీలకులు’ అన్న చోట బొజ్జిరెడ్డి పేరుండాలి. ఇన్నాళ్ళూ అక్కడ మా పేర్లే రాసుకున్నాం. ఆయన కింద ఎక్కడో ‘వాచర్’. పేరే లేదు. హారతి సరే అంది.

మణిదీప్‌ని కూడా రమ్మని మెసేజ్ పెట్టాను. చూశాడు.

మార్చి 16, ఆదివారం. పొద్దున 6.20

వాగు పక్క పాయింట్. పరిశీలకుడు: పల్లాల బొజ్జిరెడ్డి. రాసింది: వెంకటదుర్గ.

పది నిమిషాలు. పిట్ట అరిచినప్పుడల్లా వేలెత్తాడు. పదకొండు. మిషన్ పెట్టుకున్నా నాకు వినిపించినవి ఐదు.

చివరిదాని పేరేంటని అడిగాను. దానికి పేరు లేదండి అన్నాడు.

పేరు లేదు అనే రాశాను.