తోమిన గిన్నె

మాచర్ల, 12-3-1958

ప్రభుదాసు అన్నయ్యకు,

పొగరెక్కి ఉద్యోగం పోగొట్టుకున్నానని ఇంట్లో అంటున్నారట. నువ్వూ అదే రాశావు. జరిగింది ఎవరూ అడగలేదు.

తవ్వకాల్లో దొరికిన పురాతన కంచు సామాన్లను కాలం, ఆకారం, వాడకం చూసి విడదీసి రాయడం నా పని. పైనున్న చిలుము, మట్టి పోతే కాలం చెప్పడం కష్టం. పోయిన నెల ఒక సోమవారం ఒక గిన్నెను పెట్టెలో పెట్టకుండా భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మట్టి మోసే పోలమ్మ దాన్ని చింతపండు, బూడిదతో తళతళలాడేలా తోమేసింది.

"ఏ తల్లి బువ్వ తిన్న గిన్నో అమ్మాయిగోరూ, చానా చిలుము పట్టింది. ఇంత బద్దకం ఏందో!" అని నవ్వింది.

నాకు ఏడుపొచ్చింది. ఆ గిన్నె కాలం ఇక ఎవరూ చెప్పలేరు. ఆఫీసరు పోలమ్మను పొమ్మన్నారు. ఆమె ఊరు ఇక్కడ కడుతున్న డ్యాం నీళ్లలో మునగబోతోంది, మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. అందుకే, నేనే తోమమన్నానని కాగితం రాసిచ్చాను. ఆమెను ఉంచి నన్ను తీసేశారు.

క్షమాపణ రాస్తే మళ్లీ తీసుకుంటారని నువ్వు రాశావు. జరిగింది జరిగినట్టు రాస్తేనే తీసుకుంటారు. అలా రాస్తే పోలమ్మ పని పోతుంది.

నేను రాయను.

నీ చెల్లెలు