సమ్మమ్మకు ఒక్కదానికే వేసిన సూది

వరంగల్,
4 ఆగస్టు 1988

భద్రక్కకు, నీ చెల్లె సుగుణ ఎంతో ప్రేమతో రాసుకునేది,

ఈ ఉత్తరం బావ కంట పడనీయకు. చదివాక పొయ్యిలో వెయ్యి. నర్సు ట్రైనింగులో ఒకే కంచంలో తిన్నవాళ్ళం, నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? అక్కా, నాకు సుఖరోగం తగిలింది.

పోయిన దీపావళి తర్వాత పుండు కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు. చూడగానే తెలిసిపోయింది. మా ఆయన ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి లారీ తోలుకుని బొంబాయి పోయి, ఎనిమిది రోజులకు ఇంటికొస్తాడు. ఇక అడగడానికేముంది? అడగలేదు. నా తొడకు నేనే పెన్సిలిన్ పొడుచుకున్నాను. మానింది. మొన్న ఎండాకాలం మళ్ళీ వచ్చింది. మళ్ళీ పొడుచుకున్నాను.

నిన్న మా దవాఖాన మీటింగులో డాక్టరమ్మ ఎయిడ్స్ గురించి చెప్పింది. "మందు లేని రోగం. బొంబాయిల ఉన్నది, రేపు మన దగ్గరికీ వస్తది. పుండున్న మనిషికి అది జల్ది అంటుతది, పుండున్న మనిషి నుంచి జల్ది పాకుతది. ఉత్త ఆడోళ్ళకే సూదులిచ్చి పంపకున్రి. మొగుడు పెండ్లాం ఇద్దరికీ ఒక్కసారే మందు పడాలె. నిరోధ్ వాడమనాలె" అంది.

నా సంగతి ఒక్కటే అయితే ఇంత భయపడను. మా ఆయన బండి మీదే ఇంకో డ్రైవర్ ఉప్పలయ్య ఉన్నాడు. అతని భార్య సమ్మమ్మ ఇదే పుండుతో నా దగ్గరికొచ్చి కాళ్ళు పట్టుకుంది. "ఆయనకు చెప్తే నన్నే అనుమానిస్తడు నర్సమ్మా. నాకొక్కదానికే సూది ఎయ్యి" అంది. వేశాను. రెండుసార్లు వేశాను. అతన్ని పిలవకపోతే మళ్ళీ వస్తుందని తెలిసి కూడా వేశాను.

ఎల్లుండి మా ఆయన వస్తాడు. ఈసారి అడిగి తీరతాను.

నీ సుగుణ

15 ఆగస్టు 1988

అక్కా,

అడిగాను. "ఇంజను పక్కన కూసుంట గదా, ఒంటికి వేడి చేసింది" అన్నాడు.

"మరి నాకెక్కడిది వేడి? నేను ఏ ఇంజను పక్కన కూసున్న?" అన్నాను.

"షోలాపూర్ కాడ ఒక ఇల్లున్నది సుగుణా. నేను, ఉప్పలయ్య, ఇద్దరం పోతుంటిమి" అన్నాడు. ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

మర్నాడు ఇద్దరం దవాఖానకు పోయాం. ఇద్దరికీ సూదులు పడ్డాయి, నిరోధ్ పొట్లాలిచ్చారు, రక్తం తీసి ఎయిడ్స్ పరీక్షకు హైదరాబాద్ పంపారు. మా ఆయన ఉప్పలయ్యను కూడా రెక్క పట్టుకుని గుంజుకొచ్చాడు. అతను రక్తమైతే ఇచ్చాడు గానీ సూది వద్దన్నాడు. "పుండు దానంతటదే మానుతది, ఫికర్ లేదు" అని నవ్వుకుంటూ పోయాడు.

సుగుణ

21 సెప్టెంబర్ 1988

భద్రక్కా,

మా ఇద్దరి రక్తంలో ఎయిడ్స్ లేదట. మూడు నెలలకు మళ్ళీ చూడాలి, అందాకా నిరోధ్ లేకుండా ఉండొద్దంది డాక్టరమ్మ. ఉప్పలయ్య రక్తంలో ఉంది.

డాక్టరమ్మ అతన్ని పిలిచి చెప్పింది. సమ్మమ్మను కూడా తీసుకురమ్మంది. అతను నేరుగా మా ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "నా నోట రాదు. వదినెనే చెప్పమను" అన్నాడు మా ఆయనతో.

ఇవాళ పొద్దున పోయాను. సమ్మమ్మ బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి నవ్వి, నాలుగో నెల అని కడుపు మీద చెయ్యేసుకుని చూపించింది. అక్కా, ఆ కడుపు సంగతి నాకు తెలియదు. అయినా అంతా చెప్పాను. రోగం పేరు చెప్పాను.

చాట కింద పెట్టింది. "నువ్వు సూది వేసినవు గద నర్సమ్మా, నాకేం గాదు గద?" అంది.

ఆ సూది దీనికి పనిచెయ్యదని చెప్పాను. అప్పుడే నీ మొగణ్ణి పిలిచి ఇద్దరికీ మందు వేయించాల్సింది, పుండు మళ్ళీ వచ్చేది కాదు, తెలిసీ నేనే ఆ పని చెయ్యలేదని కూడా చెప్పాను.

సమ్మమ్మ లేచి చీర మార్చుకుంది. దవాఖాన దాకా నా పక్కనే నడిచింది. రక్తం తీసేటప్పుడు నేను చెయ్యి చాపితే మాత్రం పట్టుకోలేదు.

జవాబు రావడానికి నెల పడుతుందట.

సుగుణ