పన్నెండు చుట్ల టేపు

సోమవారం, ఉదయం 6.10
శపథం! కారుకి ఆయిల్ ప్రెషర్ మీటరు నా చేత్తో నేనే బిగిస్తాను. శుక్రవారానికల్లా. మెకానిక్ వేలు కూడా పడకూడదు. పడితే నా పేరు మార్చుకుంటాను.

కారణం రాసుకోవాలి. మా ఆవిడ నర్సు. రోజూ ఆ కారులోనే ఆసుపత్రికి వెళ్తుంది. రెండు వారాలుగా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, డాష్‌బోర్డులో ఆయిల్ దీపం ఎర్రగా మినుకుమంటోంది. ఇంజిన్లో ఆయిల్ ఒత్తిడి నిజంగా తగ్గిందో, దీపానికే పిచ్చెక్కిందో తెలియదు. శనివారం ఆవిడా, అత్తగారూ మరదలి ఊరికి వెళ్ళాలి. మరదలికి నెలలు నిండాయి. నాలుగు గంటల దారి.

"ఆ దీపం సంగతి తేలకుండా మా అమ్మని ఎక్కించుకుని అంత దూరం వెళ్ళను" అంది ఆవిడ.

నిన్న వీధి మూలనున్న గ్యారేజీలో చూపించాను. "మీటరు పెడితే తేలిపోతుంది. బండి వదిలి వెళ్ళండి గురువుగారూ" అన్నాడు మెకానిక్. నేనే పెట్టుకుంటానన్నాను. నవ్వాడు. "నీళ్ళ పైపులు వేరు, ఇది వేరు" అట! ఇరవై రెండేళ్ళుగా ప్లంబర్ని. నేను బిగించిన జాయింటు నుంచి చుక్క కారిందన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు.

సాయంత్రం 5.30
కొన్నవి: మీటరు. సెన్సర్ (ఇంజిన్‌కి బిగించేది). టీ జాయింటు ఒకటి, పాత దీపం స్విచ్చీ, కొత్త సెన్సరూ పక్కపక్కనే ఉండటానికి. వైరు. నీళ్ళు కారకుండా పైపు మరలకి చుట్టే తెల్ల టేపు ఎలాగూ నా సంచిలో ఉంటుంది.

నల్లటి డయలు, ఎర్ర ముల్లు. ఎంత ముద్దుగా ఉందో! ఇంట్లో అందరికీ చూపించాను.

"గడియారమా అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు. "రెండో ముల్లు ఏది?"

మంగళవారం, సాయంత్రం 6.00
డాష్‌బోర్డు మీద మీటరు కూర్చోబెట్టాను. కాస్త ఎడమకి వాలింది. మెడ కాస్త వంచి చూస్తే తిన్నగానే ఉంది. సెన్సర్ పెట్టాల్సిన చోటు ఇంజిన్ వెనకాల, కింది నుంచి వెళ్తే తప్ప అందదు. కారు కింద గంటన్నర పడుకున్నాను. మూడు వేళ్ళు గీసుకుపోయాయి. అయినా హుషారే!

"మిమ్మల్ని ఉతకాలా, చొక్కాని ఉతకాలా?" అంది ఆవిడ.

బుధవారం, మధ్యాహ్నం 1.00
టీ జాయింటు పట్టలేదు. అక్కడ ఒక ఇనుప ముక్క అడ్డం. ఇంజిన్ తయారుచేసినవాడికి ప్లంబర్లంటే ఏం కోపమో!

సాయంత్రం 6.30
ఈ రోజు పని సాగలేదు. కారణాలు: ఒకటి, ఎవరింట్లోనో ట్యాంకు పగిలింది, పిలిచారు. రెండు, నడుం పట్టేసింది. మూడు, వెలుతురు సరిగా లేదు. మూడోది అంత నిజం కాదు.

గురువారం, సాయంత్రం 4.00
బుర్రంటే ఇలా ఉండాలి! టీ జాయింటుని అవతల పారేశాను. పాత దీపం స్విచ్చి పీకేసి, ఆ రంధ్రంలోనే సెన్సర్ పెట్టేశాను. ఇక ఎర్ర దీపం వెలగదు. వెలగకపోతే ఏం? ముల్లు ఉండగా దీపమెందుకు?

సెన్సర్ మరకి టేపు పన్నెండు చుట్లు చుట్టాను. మామూలుగా ఆరు చాలు. మా ఆవిడ ఎక్కే బండి కదా, ఇంకో ఆరు.

5.20
స్టార్ట్ చేశాను. ముల్లు ఒక్క ఉరుకున చివరి అంకెకి! ఫుల్లు!! కింద చూశాను. చుక్క లేదు.

ఆవిడని పిలిచి చూపించాను. కొంగుతో మీటరు అద్దం తుడిచింది. "పోనీలెండి, అన్నంత పనీ చేశారు" అంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ గొంతుతో నన్ను మెచ్చుకోవడం ఇది మూడోసారి. మిగతా రెండూ గుర్తు లేవు.

శుక్రవారం, ఉదయం 7.30
ఆవిడకి సెలవు. లోపల సంచులు సర్దుతోంది. అత్తగారు కారులో కూర్చుని, తాళం సగం తిప్పి, రేడియో వింటున్నారు.

"అల్లుడుగారూ, ఇంజిన్ ఆడకపోయినా మీ ముల్లు గుడ్లురుముతోందేమిటి?"

చూశాను. ఇంజిన్ చల్లగా నిద్రపోతోంది. ముల్లు ఫుల్లు.

"కొత్తది కదండీ, హుషారు" అన్నాను.

"ఓహో" అన్నారు. ఆ ఓహోలో చాలా ఉంది.

7.50
సెన్సర్ వైరు పీకి చూశాను. అయినా ఫుల్లే. ముల్లు ఏమీ చూడటం లేదు. ఊరికే అలా నిలబడి ఉంది. దీపమా, దాన్ని నేనే పీకేశాను. అంటే ఆయిల్ మొత్తం కారిపోయినా ఆ బండి ఆవిడకి ఒక్క ముక్క చెప్పదు.

వైరు మళ్ళీ తగిలించాను, ఎవరూ చూడకుండా. ఎవరూ అంటే, అత్తగారు తప్ప.

"నేను చెప్పనులెండి, మీరే చెప్పుకోండి. కానీ రేపు ఆ బండి ఎక్కేవాళ్ళలో నేనూ ఉన్నాను, అది మాత్రం మర్చిపోకండి" అన్నారు.

11.00
చెబుదామని లోపలికి వెళ్ళాను. ఆవిడ ఫోనులో చెల్లెలితో, "మీ బావగారే బిగించారే! ఇక భయం లేదు, నిశ్చింతగా వస్తాం" అంటోంది. వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాను. మధ్యాహ్నం చెబుతాను.

3.00
మధ్యాహ్నం నిద్రపోయింది. లేపడం బాగుండదు.

6.00
రేపు పొద్దున్న, బయల్దేరే ముందు. తప్పకుండా.

శనివారం, ఉదయం 6.40
జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

5.50కి ఫోను. మరదలికి నొప్పులు మొదలయ్యాయి. నేను పళ్ళు తోముకుంటున్నాను. బయటికి వచ్చేసరికి అత్తగారు వెనక సీట్లో, ఆవిడ స్టీరింగ్ ముందు, ఇంజిన్ స్టార్టయి ఉంది. అత్తగారు ఏదో అంటున్నారు. "ఏం కాదమ్మా, ముల్లు ఫుల్లుగా ఉంది చూడు" అంటోంది ఆవిడ.

బ్రష్షు నోట్లోనే ఉంది. వెళ్ళి కారుకి అడ్డంగా నిలబడ్డాను.

"ఆ ముల్లుని నమ్మకు! ఇంజిన్ ఆపినా ఫుల్లే చూపిస్తుంది. దీపం కూడా నేనే పీకేశాను. ఈ బండిలో వెళ్ళొద్దు."

ఇంజిన్ ఆపి, తాళం సగంలో ఉంచింది. ముల్లు కదల్లేదు. దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న పొద్దున్న."

అరిచినా బాగుండేది. సంచి తీసుకుని దిగింది. అద్దె కారు పిలిచి ఇద్దరూ వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

9.30
నేనే గ్యారేజీకి వెళ్ళి మెకానిక్‌ని తీసుకొచ్చాను. కారు కింద దూరి, సెన్సర్ విప్పి బయటికి వచ్చాడు. దాని మెడకి తెల్లటి టేపు, దెబ్బ తగిలిన వేలికి కట్టు కట్టినట్టు.

"ఎన్ని చుట్లు గురువుగారూ?"

"పన్నెండు."

వీధిలో టైరు మీద కూర్చుని మరీ నవ్వాడు. తర్వాత చెప్పాడు. సెన్సర్‌కి ఒక వైరే కనిపిస్తుంది, రెండో వైరు ఇంజిన్ ఇనుమే. మర ఇనుముని తాకాలి. నేను తాకకుండా టేపు చుట్టేశాను. "నీళ్ళకైతే మీ అంత పనిమంతుడు లేడు. ఇక్కడ కారకూడనిది కారలేదు, పారాల్సిన కరెంటూ పారలేదు."

టేపు పీకి, ఆ ఇనుప ముక్క అడ్డు రాకుండా మధ్యలో చిన్న గొట్టం వేసి, నేను పారేసిన టీ జాయింటు బిగించి, దీపం స్విచ్చి కూడా వెనక్కి పెట్టాడు. స్టార్ట్ చేస్తే ముల్లు అట్టడుగున. దీపం మినుకుమినుకు. అంటే ఆ దీపం పాపం మొదటి నుంచీ నిజమే చెబుతోంది! ఆయిల్ పాతబడి నీళ్ళలా పలచబడిందట. మార్చాక ముల్లు మధ్యకి వచ్చి నిలబడింది.

"ఆ పాత ఆయిల్‌తో నాలుగు గంటలు వెళ్ళుంటే?" అని అడిగాను.

"సగం దారిలో ఇంజిన్ పట్టేసేది" అన్నాడు. ఈసారి నవ్వలేదు. ఆ టైరు మీద నేను కూర్చున్నాను.

మధ్యాహ్నం 2.15
ఫోను. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. అంతే చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది.

మంగళవారం, సాయంత్రం 7.00
ఆవిడ వచ్చింది. అన్నం పెట్టింది. తిన్నాక అంది:

"ముల్లు తప్పు చూపించినందుకు కాదండీ నా బాధ. దాని మొహం చూసి మా అమ్మని ఎక్కించుకున్నాను. అప్పటికి మీకు తెలుసు."

"సిగ్గేసింది. నువ్వు మెచ్చుకున్నావు కదా, పోతుందేమోనని" అన్నాను. నిజమే చెప్పాను.

కంచాలు తీసింది. తర్వాత, "ఇంజిన్ వేడి చూపించే మీటరు కూడా ఉంటే మంచిదట కదా, దారిలో మెకానిక్ చెప్పాడు. ఎవరు పెడతారు?"

"వాడే పెడతాడులే."

"వాడెందుకు? మీరే పెట్టండి. తప్పయితే తప్పయిందని ఆ పూటే చెప్పండి. నాకు అది చాలు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్లంబర్ని, కారనివ్వలేదు.

ఆదివారం, ఉదయం 7.00
కొత్త శపథం. వేడి మీటరు. నా చేత్తోనే. గడువు లేదు. టేపు సంచి అటక మీద పెట్టేశాను.

10.40
అయిపోయింది! తిన్నగా కూర్చుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు అడుగున ఉంది, వేడెక్కేకొద్దీ లేస్తోంది, మూడుసార్లు చూశాను.

10.50
అరచేతిలో చిన్న నట్టు ఒకటి మిగిలింది. ఎక్కడిదో తెలియడం లేదు. కంపెనీవాళ్ళు ఒకటి ఎక్కువ ఇచ్చి ఉంటారు. ఇస్తారు అలా. ఆవిడ స్నానానికి వెళ్ళింది. బయటికి వచ్చి, కాఫీ తాగి, కాస్త స్థిమితపడ్డాక మెల్లగా చెబుదాం.

10.52
తలుపు బయట నుంచే అరిచి చెప్పేశాను. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"బండి కదిలించకండి, వస్తున్నాను. ఇద్దరం వెతుకుదాం" అంది.