పాలెం బావి నీళ్ల కొరకు ఏసేబు పెట్టుకొన్న మూడవ అర్జీ

తాలూకా తహసీల్దారు వారి సముఖమునకు,

వరికుంటపాడు ఫిర్కా, గుండ్లవాగుపల్లె హరిజనపాలెం కాపురస్థుడు, తోలుపని చేసుకొను వెంగయ్య అనబడు ఏసేబు వ్రాసుకొన్న అర్జీ. 1954వ సంవత్సరము, మే నెల.

అయ్యా,

విషయం: మా పాలెం బావిలో నాకును నా కుటుంబమునకును నీళ్లు తోడుకొను హక్కు ఇప్పించుట గురించి, ఈ అర్జీని మరల గ్రామ మునసబు గారికే పంపకుండ తమరే విచారించుట గురించి.

1. ఎద్దులతో నీళ్లు తోడే కపిలలకు తోలు బానలు కుట్టుట నా వృత్తి. ఈ ఊరి మెట్ట చేలలోని బావులన్నిటిలో మునిగి లేచే బానలు నా చేతి కుట్టువే. నా ఇంటి కుండ మాత్రము ఏ బావిలోను మునుగుటకు వీలు లేకున్నది. ఇదియే నా ఫిర్యాదు. తక్కినదంతయు వివరము.

2. రెండేండ్ల క్రిందట నేనును నా భార్య ఓబమ్మయు బాప్తిస్మము పొంది ఏసేబు, లిదియమ్మ అయితిమి. బియ్యమునకు ఆశపడి మతములో కలిసినామని మునసబు మాలకొండారెడ్డి గారు తమకు రిపోర్టు వ్రాసియున్నారు. ఏ బియ్యమును రాలేదు. కలిగిరి నుండి వచ్చే పాస్టరు గారు మా గుమ్మం ముందర చెప్పులు విడిచి, లోనికి వంగి వచ్చి, మా కుండలో నీళ్లు అడిగి తాగినారు. "వెంగయ్య గారూ" అని పిలిచినారు. నా పేరు పక్కన గారు అను మాట వినుట నా జన్మలో అదే మొదలు. ఈయన కొలిచే దేవుడెవరో కనుక్కోవలెననిపించినది. కనుక్కున్నాను. ఇప్పుడు వదులుకొమ్మంటే నా వల్ల కాదు.

3. మా ఇంటివారు తరతరాలుగా పోలేరమ్మ కొలుపులో డప్పు కొట్టువారు. నిరుడు కొలుపునకు నేను కొట్టలేనంటిని. అమ్మవారిని నేను ఒక్క మాట అనియుండలేదు, అనను కూడ. డప్పు మా అన్న పోలేరయ్య చేతికిచ్చి, దానికి బదులు ఊరి బానలన్నియు ఆ ఏటికి కూలి లేకుండ కుట్టిపెడతానని మునసబు గారి అరుగు కింద నిలబడి చెప్పుకొన్నాను. వారు విని, బానలు కుట్టేందుకు వేరేవాడు దొరుకుతాడనియు, నేనే వచ్చి డప్పు కొట్టకుంటే పాలెం మొత్తానికి పనికి బదులు కళ్ళాల్లో కొలిచే మేర గింజలు ఆపేస్తామనియు, నన్ను పాలెం బావి తొక్కనిచ్చినవారికి కూడ అదే గతి అనియు చెప్పి లోపలికి పోయినారు.

ఆ సాయంత్రమే మా అన్న వచ్చి నా ఇంటి ముందర నిలబడినాడు. "నీ దేవుడు నీకుండాడు, కాదన్లేదురా. నా బిడ్డల నోట్లో మట్టి కొట్టేదెందుకు? ఒక్క దినం కొట్టేసి రా, నీ దేవుడికి ఆదివారం చెప్పుకో!" అన్నాడు. ఒక్క దినమైనా నా వల్ల కాదంటిని. "అయితే నా బావికాడికి రావొద్దు" అని పోయినాడు. అయ్యా, నా అన్న చెడ్డవాడు కాడు. చిన్నప్పుడు నన్ను మెడ మీద మోసినాడు. ఆయన మీద కేసు పెట్టుట నా అభిమతము కాదు. ఈ సంగతి విడిగా గుర్తు పెట్టుకోవలెను.

4. నా మొదటి అర్జీ విచారణ నిమిత్తము మునసబు గారికే వచ్చినది. ఎవరి మీద చెప్పుకొన్నానో వారే విచారించి, తగాదా ఏమియు లేదు, అర్జీదారుడు కలహప్రియుడు అని వ్రాసి పంపినారు. రెండవ అర్జీ మీద ఒక అధికారి జీపులో వచ్చినారు. పాలెం బావి గట్టు మీద పాతిన పలక చదివినారు. అందులో హరిజనుల ఉపయోగార్థము అని యున్నది.

"ఏమయ్యా, నువ్వు హరిజనుడివా, క్రైస్తవుడివా?" అని అడిగినారు.

"రెండూ అయ్యా" అన్నాను.

"రెండూ కుదరదు. నా కాగితంలో ఒక గడే ఉంది."

నా బాప్తిస్మము సంగతి దాచలేదు. ఆయన గారు వెంటనే వ్రాసిన ఉత్తరువేమనగా, అర్జీదారుడు క్రైస్తవుడైనందున హరిజన బావిపై హక్కు లేదు, గ్రామములోని సర్వజనుల బావి యందు తోడుకొనవచ్చును అని. జీపు వెళ్లిపోయినది.

5. సర్కారు మాట గదా అని ఆ ఉత్తరువు చేతబట్టుకొని, కుండతో సర్వజనుల బావి దగ్గరకు వెళ్లితిని. అక్కడ పెద్దాయన వెంకటరమణారెడ్డి గారు కూర్చొని యున్నారు.

"ఏందిరా ఇది?" అన్నారు.

"నేను కిరస్తానీనంట సామీ, ఈడ తోడుకోవచ్చునని దొరగారు రాసిచ్చినారు."

ఆయన కాగితము చూడనైనా చూడలేదు. "దేవుణ్ణి మార్చుకున్నావు సరే. అమ్మానాయనల్ని గూడా మార్చుకొన్నావా? మాదిగోడివి మాదిగోడివే. పో, దూరం పో!" అన్నారు. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు నవ్వినారు. కుండ ఎవరు కొట్టినారో చూడలేదు. పెంకులు ఏరుకొని వచ్చినాను.

కావున తమరు చిత్తగించవలసినది ఏమనగా: పాలెం బావి కాడ నేను క్రైస్తవుణ్ణి. ఊరి బావి కాడ మాదిగను. ఏ బావి కాడికి పోతే ఆ బావికి పనికిరాని మనిషినవుతున్నాను. నీళ్లు తాగుటకు పనికివచ్చే మనిషి కావలెనంటే నేను ఎవరిని కావలెనో తమరైనా తేల్చి చెప్పండి!

6. ఉదయగిరి బస్సులు ఆగే చోట అర్జీలు వ్రాసిపెట్టే ఒక గుమాస్తా దగ్గరకు పోతిని. ఆయన మంచి మనసుతోనే చెప్పినాడు. "ఒక్క లైను రాసియ్యి. హిందువును అని. సాయంత్రానికల్లా నీళ్లు తోడుకుంటావు. ఆ తర్వాత నీ ప్రార్థన నువ్వు చేసుకో, ఎవుడొచ్చి చూస్తాడు?" నేను వ్రాయనంటే ఆయన కలము మూసి, నాలాంటివాడికి వ్రాసిపెట్టి పేరు చెడగొట్టుకోలేనన్నాడు. అందుచేత పాస్టరు గారి దగ్గర నేర్చిన అక్షరములతో, వెనకటి అర్జీల నకళ్లు చూసి, ఈ అర్జీ స్వహస్తముతో వ్రాసుకొన్నాను. తప్పులున్న మన్నించవలెను.

7. ప్రస్తుతము మేము వాగులో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్లు గుడ్డలో వడగట్టుకొని తాగుచున్నాము. ఎండలు ముదిరినవి, చెలమ అడుగంటినది. నా కూతురు రూతుకు విరేచనములు పట్టుకొని జ్వరము తగిలినది. మంచి నీళ్లు కాచి పట్టించమని కలిగిరి డాక్టరు గారు చెప్పినారు. కాచుటకు కట్టెలున్నవి. మంచి నీళ్లేవి? పాస్టరు గారిని అడిగితే సహించుమన్నారు. సహించుచునే యున్నాను. ఆ మాట విని విని నాకు వారి మీద కూడ కోపము వచ్చినది. నిన్న రాత్రి ప్రార్థనకు కూర్చొంటిని. ఏమని అడిగేది? నీళ్లు అనే ఒక్క మాట తప్ప ఇంకేమియు తోచలేదు.

ఆ ఒక్క లైను వ్రాస్తే బిడ్డ బతుకుతుందేమో నాకు తెలియదు. వ్రాయకుంటే ఏమవుతుందో అదియు తెలియదు. లిదియమ్మ నన్ను వ్రాయమనలేదు. వ్రాయవద్దని కూడ అనలేదు. బిడ్డ పక్కన కూర్చొని నన్నే చూస్తున్నది.

8. కనుక నా మనవి. నాకు క్రైస్తవుల పేర వేరే బావి తవ్వించవద్దు. మూడో బావి తవ్వితే మూడో గోడ లేస్తుంది. నా తాత ముత్తాతలున్న పాలెములో, నా అన్న తోడే బావిలోనే నా కుండ ముంచుకోనివ్వండి. మేర గింజలు ఆపరాదని మునసబు గారికి తమరు గట్టిగా చెప్పితే చాలును, మా అన్నే నన్ను పిలుచుకొని పోతాడు. తమరు ఒక్కసారి స్వయముగా వచ్చి చూడవలెను.

ఇందలి సంగతులు అన్నియు చిత్తగించి, బిడ్డ నోరు తడియునట్లు దయ చూపవలెను.

తమ విధేయుడు (విధేయతకు నా వద్ద కొదవ లేదు, నీళ్లకే కొదవ),
ఏసేబు

తా.క. కవరు అంటించేలోగా ఒకటి జరిగింది. తమకు చెప్పకుండా ఉండలేను. ఈ పొద్దు చెలమ పూర్తిగా ఎండిపోయింది. లిదియమ్మ నాకు చెప్పకుండా కుండ తీసుకొని పాలెం బావి దగ్గరకు పోయి ఊరికే నిలబడింది. మా అన్న భార్య మాలకొండమ్మ వదిన నీళ్లు తోడుతూ ఉంది. కుండ నేల మీద పెట్టి దూరం జరగమని చెప్పి, చేద ఎత్తి పట్టుకొని పైనుంచి పోసింది. బావిని మేము అంటలేదు గనుక, మునసబు అడిగితే అట్లా చెప్పుకోవచ్చునని. మా అన్న దోవలో నిలబడి ఎవరైనా వస్తున్నారేమో చూశాడు. పోసేటప్పుడు వదిన ఏడ్చిందట.

వాళ్లను నేను తప్పు పట్టను. కాని ఆ పోత నాకు తెలుసు. ఈ పాలెం బావి తవ్వక మునుపు ఊరి బావి కాడ రెడ్లు మా అమ్మకు అట్లాగే పోసేవారు, ఓబమ్మగా ఉన్నప్పుడు లిదియమ్మకూ అట్లాగే పోసేవారు. మాలో మేము అట్లా పోసుకున్నది ఎన్నడూ లేదు.

మా గుమ్మంలోంచి బావి కనబడుతుంది గనుక, రూతు అక్కడే చాప మీద పడుకొని ఇదంతా చూసింది. నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, "నాయనా, పెద్దమ్మోళ్లు ఎప్పుడు రెడ్లయినారు?" అని అడిగింది.

బిడ్డ ఇంకా నా మొగం వంకే చూస్తూ ఉంది.