అడిగినవాడి ఆస్తి

కర్నూలు జిల్లా ఆళ్లగడ్డలో పుట్టి, ప్రస్తుతం నంద్యాలలో నివాసముంటున్న చింతకుంట అబ్రహాము అనే నేను, కీర్తిశేషులు బాలస్వామి గారి కుమారుణ్ణి, వయస్సు అరవై ఆరు, మాజీ శాసనసభ్యుణ్ణి, నా వారసులకూ, ఈ వీలునామాను అమలు జరపవలసిన వారికీ రాసి ఉంచుతున్నది ఏమనగా:

నిరుడు ఆపరేషను చేసి నా గొంతులోని పుండుతో పాటు మాటను కూడా తీసేశారు. మతిని మాత్రం ముట్టుకోలేదు. ఇది ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాస్తున్నాను. పలక మీద రాసి చూపితే తప్ప మాట్లాడలేని వాణ్ణి కాబట్టి, అబ్రహాము తనతో నోటిమాటగా ఫలానాది చెప్పాడని రేపు ఎవరు వచ్చినా నమ్మవద్దు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కుమార్తె దానమ్మది. ఆమె పాణ్యంలో టీచరు. తొందరపడే మనిషి కాదు.

1. నంద్యాలలో నా స్వార్జితమైన మూడు గదుల ఇల్లు, పెరడుతో సహా, ఆళ్లగడ్డలో గాజులమ్ముకునే మస్తాన్‌బీకి చెందవలెను. ఆమె సర్వహక్కులతో అనుభవించవచ్చును, అమ్ముకోవచ్చును. నా బంధువులు దీని మీద కోర్టుకు పోతారని తెలుసు. అందుకే కారణం వివరంగా రాస్తున్నాను.

నేను మిషన్ బడిలో పంతులుగా ఉండేవాణ్ణి. కాలువ చివరి ఊళ్ళకు నీళ్ళు రావడం లేదని రైతులు నా చేత అర్జీలు రాయించుకునేవారు. అర్జీలకు జవాబులు రాక, 1972లో వాళ్ళే నన్ను ఎన్నికల్లో నిలబెట్టి గెలిపించారు. ఎమర్జెన్సీలో జైల్లో పెట్టారు. బయటికి వచ్చి 1978లో మళ్ళీ గెలిస్తే, సభలో నన్ను ప్రతిపక్ష నాయకుణ్ణి చేశారు. కారిచ్చారు, బంగళా ఇచ్చారు. అడిగే హక్కు నాది, ఇచ్చే అధికారం ఎదుటి బెంచీలది.

మస్తాన్‌బీ భర్త ఖాదర్ బాషాకు మైకు సెట్టు ఉండేది. నా మొదటి మీటింగు నుంచీ మైకు ఆయనదే. 1979లో నీళ్ళ కోసం రైతులు కాలువ తూము దగ్గర కూర్చున్నారు. నేను మాట్లాడుతుండగా పోలీసులు మైకు వైరు తెంపారు. "నువ్ కూచో అన్నా, నేను అతికించొస్తా" అని ఖాదర్ బాషా లేచాడు. వైరు కొసలు రెండూ చేతిలో ఉండగానే తుపాకి పేలింది. ఆయన నా కళ్ళ ముందే పోయాడు.

చనిపోయిన వ్యక్తి అల్లరిమూకలో ఉండి రాళ్ళు రువ్వాడని మంత్రిగారు సభలో జవాబిచ్చారు. ఖాదర్ బాషా చేతిలో ఉన్నది రాయి కాదు, వైరు అని చెప్పాను. విచారణ జరపమన్నాను. సభ జరిగిన ప్రతిసారీ అదే ప్రశ్న వేశాను. విచారణా లేదు, పరిహారమూ లేదు. నేను హైదరాబాదు నుంచి ఎప్పుడు వచ్చినా మస్తాన్‌బీ గాజుల బుట్ట కిందికి దించి అడిగేది.

"ఏమన్నారన్నా?"

"అడిగినానమ్మా."

"అడిగినావు సరే. వాళ్ళేమన్నారు?"

ఈ ఇల్లు పరిహారం కాదు. పరిహారం ఇవ్వవలసింది ప్రభుత్వం, అది ఆమె అడుగుతూనే ఉండాలి. ఇల్లు ఇస్తున్నది ఆమె నాకు చెల్లెలు గనుక.

2. ఆళ్లగడ్డ దగ్గరి నల్లరేగడి చేను దానమ్మకు. కౌలుకు చేస్తున్న వాళ్ళను మార్చవద్దు. జైల్లో చలికి ఉంటుందని నా భార్య జీవమ్మ తన పాత చీరలతో కుట్టి పంపిన బొంత కూడా దానమ్మకే. ఉతికితే విడిపోతుంది. ఎండలో వేసి దులిపితే చాలు.

3. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు పైన చెప్పిన, అప్పటికి మాజీ అయిన మంత్రిగారు వచ్చి, ఫోటో తీయించుకుని, ఒక శాలువా కప్పి పోయారు. అప్పటికి నాకు మాట లేదు గనుక వద్దనలేకపోయాను. దాన్ని నా శవం మీద కప్పకూడదు. మంచి శాలువానే. బస్టాండులో చలికి ముడుచుకుని పడుకున్న వాళ్ళకెవరికైనా ఇవ్వండి.

4. నా కుమారుడు, వకీలు కరుణాకర్‌కు ఇల్లు గానీ భూమి గానీ ఇవ్వడం లేదు. వాడికి సంపాదన ఉంది. ఇది శిక్ష అని ఎవరూ అనుకోకూడదు.

వాడు 1980లో నా దగ్గరికి వచ్చి, పాలకపక్షంలో చేరుతున్నానని చెప్పాడు. "నాయనా, నువ్వు బతుకంతా అడగతానే ఉండావు. నేను ఇచ్చేవాళ్ళ పక్కన ఉంటా" అన్నాడు.

"ఖాదర్‌ను కాల్చినోళ్ళ పక్కనా?" అన్నాను. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మా మధ్య అదే చివరి మాట.

తర్వాత వాడు పంచాయతీ సమితి ప్రెసిడెంటయ్యాడు. 1983 ఎన్నికల్లో నా మీదనే నిలబడ్డాడు. "మా నాయన పెద్దమనిషే. అయితే ఆయప్ప వల్ల మీకొక బోరింగైనా వచ్చిందా?" అని ఆళ్లగడ్డ మీటింగులో అన్నాడు. రాలేదు. ప్రతిపక్షం వాడి ఊరికి బోరింగు ఎవరిస్తారు? జనం మా ఇద్దరినీ కాదని కొత్త పార్టీ మనిషిని గెలిపించారు. తండ్రీ కొడుకులం ఒకే రోజు ఓడిపోయి, ఎవరి ఇంట్లో వాళ్ళం కూర్చున్నాం. ఒక్కటి ఒప్పుకోవాలి. వాడు సమితిలో ఉండగా మా ఊరికి రోడ్డు వేయించాడు. మంచి రోడ్డు.

చిన్నప్పుడు వాడు తన కంచం వదిలేసి నా కంచంలోనే తినేవాడు. ఆ ఇత్తడి కంచం వాడికి ఇవ్వవలెను.

5. నన్ను ఆళ్లగడ్డ సమాధుల తోటలో జీవమ్మ పక్కన పెట్టండి. ప్రసంగాలు వద్దు. పాస్టరుగారి ప్రార్థన చాలు.

జీవమ్మ 1982లో చనిపోయింది. మంచాన పడ్డాక ఆమె అడిగింది ఒక్కటే, నేనూ కరుణాకరూ ఒకసారి కలిసి అన్నం తినడం. అది జరగకుండానే పోయింది. సమాధి రోజున కరుణాకర్ వచ్చాడట. గేటు దగ్గర మా పార్టీవాళ్ళు "యాడికప్పా? నీకీడ ఏం పని?" అని తోసేశారట. నేను గుంత దగ్గర ఉన్నాను. నాకు ఆ సంగతి మూడో దినం ప్రార్థనలో తెలిసింది. వాడు కన్నతల్లి మీద పిడికెడు మన్ను వేయకుండా తిరిగిపోయాడు.

నేను పోయిన కబురు మొదట వాడికే పంపాలి. వాడు వస్తే జెండాలు పట్టుకున్న వాళ్ళంతా గేటు బయటే నిలబడాలి. మొదటి పిడికెడు మన్ను వాడే వెయ్యాలి. వాడు ఆలస్యం చేస్తే, గుంత పూడ్చకుండా పొద్దు గుంకేదాకా ఆగండి.

నంద్యాల, 14 నవంబరు 1986

(సంతకం) చింతకుంట అబ్రహాము

సాక్షులు:
సైదా సాహెబ్, దర్జీ, నంద్యాల
ఏసయ్య, రిటైర్డు హెడ్మాస్టరు, ఆళ్లగడ్డ