పెన్ డ్రైవుకు పసుపు నీళ్లు

భూపాలపల్లి

అక్కా,

నీకు, బావకు దండాలు. ఘనపూర్ల అందరు పానం మంచిగనే ఉన్నరనుకుంట. నేను, పెద్దోడు, చంటిబిడ్డ సల్లంగనే ఉన్నం, రంది పెట్టుకోకు. ఫోన్ ఎత్తుతలేనని కోపం చేసుకోకు. చెవులల్ల దూది, తలకు గుడ్డ. ఫోన్ చెవికాడ పెడితె మా అత్త గుంజుకుంటది. గందుకె ఉత్తరం రాస్తున్న.

ముసురు పట్టింది, బిడ్డ బట్టలు ఆరుతలేవు. రెండు పూటల వెల్లిగడ్డ కారం బువ్వనే. మీ మరిది బొగ్గుబాయి డ్యూటీకి పోతె నేను, గోడలు. మొదటి కాన్పుకు నువ్వు పక్కన ఉంటివి. యాదికొస్తె ఏడుపొస్తది. ఈ ఊరికొచ్చినంక నాకు నలుగురు మనుషులు దొరికింది ఇంటి ముందరర్రల పెట్టుకున్న టైపింగు షాపు తోనే.

మొన్న బడి ప్రశ్నపత్రాలు టైపు కొట్టి సోమవారం కల్ల ఇయ్యాల్సి ఉండె. లేకుంటె ఆ పని బస్టాండు కాడి షాపుకు పోతది, మళ్ల రాదు. మీ మరిదేమొ "ఇద్దరు పిల్లలతోని ఇంకేం షాపు, ప్రింటర్ అమ్మేద్దాం" అన్నడు. నా పానం సివుక్కుమన్నది. పురుడు కానిది నేను గడప దాటొద్దు, ప్రింటర్ ముందరర్రల ఉన్నది. లోపలికి తెమ్మంటె అత్త ఒప్పుకోలే. "బడి కాయిదాలంటె సరస్వతి. పురిటర్రల పెడ్తమా?" అన్నది.

సరె, ఆ ప్రింటర్ పెన్ డ్రైవ్ పెట్టినా అచ్చు తీస్తది గదా అని, లాప్‌టాప్‌ల కొట్టి పెన్ డ్రైవ్ ఇచ్చిన. నన్ను ముట్టుకున్నంక అత్త తానం చేస్తది, నీకెరికే. దానికి గూడ చేయించింది. పసుపు నీళ్లు పోసి, తుడిచి, బొట్టు పెట్టింది. అది అక్కడికే సచ్చింది. నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. ఇంకోటి తెచ్చినా దానికీ తానమే.

"నా చేతులతోని నీ పని చెడగొట్టిన బిడ్డా" అని అత్త గడప అవుతల కూలబడ్డది. నేను ఫోన్ల ఎతికిన. మా వైఫై డబ్బా ఎనుక గూడ యుఎస్‌బి తీగ గుచ్చే జాగ ఉన్నది. ప్రింటర్ తీగ ఆడ గుచ్చితె ఏ అర్రల నుంచైనా అచ్చు తీయొచ్చట.

"నీ కాడికెంచి ఏం వస్తది?" అని అత్త అడిగింది.

"ఏం రాదత్తమ్మా, మాట వస్తది గంతే."

"మాటకు అంటు లేదు. చెప్పు, నేను చేస్త."

నేను మంచం మీద, ఆమె ముందరర్రల. "చదరం మూతి ప్రింటర్‌కు, ఎడల్పు మూతి డబ్బాకు" అని నేను చెప్పుడు, ఆమె తిప్పి తిప్పి గుచ్చుడు. నేను లాప్‌టాప్‌ల డబ్బా సెట్టింగులు తెరిచి ప్రింటర్‌ది ఆన్ చేసిన, డబ్బా నంబరు ఎక్కించిన. మొదటి కాయిదం పడ్డది. ఎట్లున్నదంటె "కోడి గీరినట్టున్నది" అన్నది. చూస్తె నేను వేరే ప్రింటర్ పేరు ఒత్తిన. మార్చిన. మళ్ల అచ్చుకు పంపిన. అత్త కాయిదం తలకిందులు పట్టుకొని గడప కాడికొచ్చి "గిది చదువు" అన్నది. "ఏడో తరగతి, లెక్కలు" అని చదివిన. ఆమె మొకం నువ్వు చూడాలె అక్కా. గంత దిలేరు, గుండె ధైర్యమున్న మనిషిని నేను చూడలే.

కట్టలన్ని ఆమెనే నిలబడి తీసింది, బడి సారుకు ఆమెనే ఇచ్చింది. మీ మరిది రాంగనే "ప్రింటర్ ఎవ్వరు అమ్మరు" అని చెప్పింది. ఆయన తల గోక్కుంట లోపలికి పోయిండు.

తెల్లారి బియ్యం ఏరుకుంట నాతోని అన్నది: "నీ మొగడు పుట్టినప్పుడు ముందరర్రల నాకు కుట్టు మిషిని ఉండె. పురుడు కడుక్కొని బయటికొస్తె జాగ ఖాళీగున్నది. నేను పురుట్ల ఉన్నప్పుడే అమ్మిన్రు. నేను ఎవ్వర్ని అడగలే." గంతే చెప్పి చాట ఎత్తుకొని పోయింది.

అక్కా, మన అవ్వ కుట్టు మిషిని మీ ఇంట్ల ఊకెనే ఉన్నది గద. పురుడు నాటికి వచ్చినప్పుడు బావను దాన్ని బండిల ఏసుకరమ్మను. ప్రింటర్‌ను జర పక్కకు జరుపుత. అత్తమ్మకు ఇప్పుడే చెప్పకుండ్రి.

మీ అత్తమామలకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. నా బిడ్డను దీవించు.

నీ చెల్లె,
రజిత