దండగమారి గొట్టం

అక్కా,

రిపోర్టు సంగతి డాక్టరుగారే చెప్పాలి. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదని, ఈ ల్యాబులో పని నేర్పిన మీకు తెలియనిదా!

జబ్బు కణాల మీదుండే రిసెప్టరు మీకుందేమోనని, దానికి అంటుకుని మెరిసే యాంటీబాడీని మీ రక్తంలో కలిపాను. కణాలన్నీ మెరిశాయి. “ఇంకేం, ఉన్నట్టే” అన్నారు కొత్త ఆఫీసరు.

యాంటీబాడీ కలపని గొట్టం ఒకటి పక్కన పెట్టమని మీరు రోజూ ప్రాణం తీసేవారు. ‘దండగమారి గొట్టం’ అని వెనకాల నవ్వుకునేవాళ్లం. అలవాటుకొద్దీ మీ రక్తంతోనూ ఒకటి పెట్టాను. చూస్తే, అదీ అంతే మెరుస్తోంది! అంటే ఆ మెరుపు యాంటీబాడీది కాదు, నిలవైపోయిన రక్తానిది. మిమ్మల్ని మళ్లీ రక్తమిమ్మన్నది అందుకే. ఈసారి యాంటీబాడీ కలిపినా మీ కణాలు మెరవలేదు.

మీకా జబ్బు లేదక్కా. మీ గొట్టమే మిమ్మల్ని కాపాడింది.

సోమవారం డాక్టరుగారు చెప్పినప్పుడు మాత్రం, అప్పుడే వింటున్నట్టు మొహం పెట్టండి.

మీ చేత తిట్లు తిన్న చెల్లి